కట్టు విప్పాక నాన్న తొడ సన్నబడిపోయింది, ఆ కండంతా ఎక్కడికి పోయినట్టు?

చీపురుపల్లి కుర్రాడు అడిగారు

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాన్నకి 54 ఏళ్ళు, రైసు మిల్లులో కళాసీ. ముప్పై ఏళ్ళుగా బస్తాలు మోస్తున్నాడు. 75 కిలోల ధాన్యం బస్తా వీపు మీదకి ఎత్తించుకుని, పలక మీద నడిచి లారీ ఎక్కి, లోపల వేసి మళ్ళీ దిగుతాడు. చిన్నప్పుడు ఆయన పిక్కలు పట్టుకుని చూసేవాణ్ణి, రాయిలా ఉండేవి.

రెండు నెలల కిందట రాత్రి మిల్లు నుంచి సైకిల్ మీద వస్తుంటే వెనక నుంచి ఆటో తగిలింది. ఎడమ మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది. ఆపరేషన్ అవసరం లేదని తొడ దగ్గర నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. ఎనిమిది వారాలు ఉంచి మొన్న సోమవారం విప్పారు. ఎక్స్‌రేలో ఎముక అతికింది అన్నారు, చంకకర్రలతో మెల్లగా నడవమన్నారు.

కట్టు విప్పగానే నాన్న ఆ కాలు వైపు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏట్రా ఇది, నా కాలేనా? కండంతా ఏటైపోనాది?" అన్నాడు. చర్మం పొలుసులు పొలుసులుగా ఉంది, తొడ వదులుగా వేలాడుతోంది. ఇంటికొచ్చాక టైలర్ టేపుతో కొలిచాను. మోకాటి చిప్పకి పైన ఒక బెత్తెడు దూరంలో కుడి తొడ 46 సెంటీమీటర్లు, ఎడమ తొడ 41న్నర.

డాక్టరు గారిని అడిగితే "నడిస్తే అదే వస్తుంది" అని ఇంకో పేషెంటుని పిలిచేశారు. ఊళ్ళో ఒకాయన కండ నీరైపోయింది, ఈ వయసులో ఇంక రాదన్నాడు. మా పెద్దనాన్న ఆ కండే కొవ్వుగా మారిపోతుంది జాగ్రత్త అన్నాడు. జిమ్‌కి వెళ్ళే నా ఫ్రెండు ప్రోటీన్ డబ్బా కొనమంటున్నాడు, మూడు వేల పైమాటే. నాన్నకి రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. మిల్లులో తన చోటులో వేరే మనిషిని పెట్టుకుంటారేమోనని ఒకటే టెన్షన్.

అసలు కండ అంటే ఏమిటి? రెండు నెలల్లో ఎలా కరిగిపోతుంది? ఎక్కడికి పోతుంది? మళ్ళీ వస్తుందా? తెలిసినవాళ్ళు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి. రాత్రి ఆయనకి చదివి వినిపిస్తాను.

---

ఫిజియో అక్క, విజయనగరం రాశారు

తమ్ముడూ, నేను 22 ఏళ్ళుగా విజయనగరంలో ఫిజియోథెరపీ చేస్తున్నాను. కట్టు విప్పిన కాలు మొదటిసారి చూసుకుని మీ నాన్నగారిలాగే మాట పడిపోయినవాళ్ళని ఎందరినో చూశాను. ముందు ఆయనకి ఈ ఒక్క మాట చెప్పు. కండలో పోగులు ఎన్ని ఉండేవో దాదాపు అన్నీ ఇంకా ఉన్నాయి. ఒక్కో పోగూ చిక్కిపోయింది, అంతే. చిక్కినదాన్ని మళ్ళీ లావు చెయ్యొచ్చు. ఎందుకు ఇంత ధైర్యంగా చెబుతున్నానో అర్థం కావాలంటే కండ లోపల ఏముందో చూడాలి.

మా నాన్న జూటు మిల్లులో పనిచేసేవారు. ఇంట్లో ఎప్పుడూ గోగునార తాడు ముక్కలు ఉండేవి, అవి విప్పడమే మా ఆట. తాడు కొస విప్పితే మూడు పురులు. పురి విప్పితే పోగులు. పోగు విప్పితే పీచులు. గోటితో చీల్చేకొద్దీ ఇంకా సన్నగా వస్తూనే ఉండేవి. కాలేజీలో మొదటిసారి కండ కోసి చూపించినప్పుడు నాకు ఆ తాడే గుర్తొచ్చింది. కండ మీద ఒక పల్చటి తెల్ల పొర. లోపల కట్టలు. ఆదివారం కోడికూరలో రొమ్ము ముక్క చేత్తో విడదీస్తే పోచలు పోచలుగా వస్తుంది కదా, ఆ పోచే ఒక కట్ట. కట్ట నిండా కండ పోగులు. తాడుకి పురి తిప్పి పేనుతారు, కండలో పురి లేదు, పోగులన్నీ పక్కపక్కనే పరిచినట్టు ఉంటాయి. ఆ ఒక్క తేడా తీసేస్తే తాడు ముక్క చేతిలో పెట్టి మీ నాన్నగారికి అంతా చూపించొచ్చు.

ఒక్కో కండ పోగు ఒక్క జీవకణం. మందం తలవెంట్రుక అంత, లేదా ఇంకా తక్కువ. పొడవు మాత్రం సెంటీమీటర్లలో ఉంటుంది. మామూలు కణానికి ఒక కేంద్రకం ఉంటే ఈ పోగుకి పొడవునా వందల కొద్దీ ఉంటాయి. పోగు లోపల ఇంకా సన్నటి దారాలు, ఆ దారం పొడవునా రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి చిన్న చిన్న గదులు. ఆ గదిని సార్కోమియర్ అంటారు. ఒక్కోటి 2 మైక్రాన్ల పైచిలుకు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అంటే ఒక్క సెంటీమీటర్ దారంలో నాలుగు వేలకి పైగా గదులు పడతాయి. పని అంతా జరిగేది ఈ గదిలోనే.

గదిలో రెండు రకాల తీగలు ఉంటాయి. సన్నవి ఆక్టిన్, లావువి మయోసిన్, రెండూ ప్రోటీన్లే. లావు తీగకి చుట్టూ చిన్న చిన్న తలలు పొడుచుకొచ్చి ఉంటాయి, ఒక్కో తీగకి సుమారు 300. ఆ తలలు ఏం చేస్తాయో చెప్పడానికి మన చింతపల్లి తీరమే చాలు. అక్కడ అలివి వల లాగడం ఎప్పుడైనా చూశావా? వల సముద్రంలో ఉంటుంది, తాడు ఒడ్డున. వరసగా మనుషులు తాడు పట్టుకుంటారు. అందరూ ఒకేసారి చెయ్యి వదలరు. కొందరు పట్టి వెనక్కి గుంజుతుంటే ఇంకొందరు వదిలి, చెయ్యి ముందుకు చాచి, మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంటారు. తాడు పొట్టి కాదు, మనుషులు పొట్టి కారు, వల మాత్రం ఒడ్డుకి వచ్చేస్తూ ఉంటుంది. మయోసిన్ తలలు చేసేది అచ్చంగా అదే. సన్న తీగని పట్టుకోవడం, వంగి లాగడం, వదలడం, ముందుకు వెళ్ళి మళ్ళీ పట్టుకోవడం. తీగలు ఒకదాని మీదుగా ఒకటి జారతాయి, గది ఇరుకవుతుంది. వేల గదులు ఒకేసారి ఇరుకైతే కండ పొట్టిదవుతుంది.

పూర్వం ఆ తీగలే ముడుచుకుపోతాయని అనుకునేవారు. 1954లో రెండు జట్లు విడివిడిగా ఈ జారుడు సంగతి బయటపెట్టాయి. ఒక జట్టులో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె. ఇంకో జట్టులో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్. హక్స్‌లీలు ఇద్దరికీ చుట్టరికం లేదు.

లాగమని చెప్పేది నరం. నరం కొస నుంచి కబురు అందగానే పోగు లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికి వస్తుంది. సన్న తీగ మీద తలలు పట్టుకునే చోట్లని ఒక పోచ కప్పి ఉంచుతుంది, కాల్షియం తగలగానే అది పక్కకి జరుగుతుంది. కబురు ఆగితే కాల్షియం తిరిగి సంచుల్లోకి పోతుంది, పట్టు వదులుతుంది.

ఇక ఖర్చు. ఒక్కో తల ఒక్కో గుంజుకి ఒక్కో ఏటీపీ అణువు ఖర్చు పెడుతుంది. ఏటీపీ అంటే కణం తన పనులకి శక్తి కోసం వాడుకునే పదార్థం. ఇది చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ గర్వంగా ఉంటుంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని కనుక్కున్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని కనుక్కున్నారు. కండలో ఏటీపీ నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది. అది తగ్గుతుంటే వెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటిన్. మీ నాన్నగారు బస్తా వీపు మీదకి తీసుకునే ఆ ఒక్క ఊపు చాలావరకు దాని మీదే నడుస్తుంది. పట్టు వదలడానికి కూడా ఏటీపీ కావాలి. ప్రాణం పోయిన కొన్ని గంటల్లో శరీరం కొయ్యబారేది అందుకే, వదలడానికి ఖర్చు పెట్టేది ఏమీ మిగలదు.

ఇంకొకటి. కండకి లాగడమే తెలుసు, తొయ్యడం తెలియదు. కోడి కోసినప్పుడు కాలు తెగిన చోట తెల్లగా మెరిసే తాడు కనిపిస్తుంది, చిన్నప్పుడు అది లాగి కోడి వేళ్ళు ముడుచుకోవడం చూసి కేకలు పెట్టేవాళ్ళం. దాన్ని అందరం నరం అంటాం, అది నరం కాదు. కండని ఎముకకి కట్టే టెండన్, పుస్తకాల్లో స్నాయుబంధనం. ఆ తాడు లాగితే వేళ్ళు ముడుచుకుంటాయి. తెరుచుకోవాలంటే రెండో వైపు తాడు లాగాలి. మన చేతికీ అంతే. కుడి మోచేతి కింద కండని ఎడమ చేత్తో పట్టుకుని కుడి వేళ్ళు ఆడించి చూడు. కదిలేది వేళ్ళు, పని చేసేది ముంజేయి. తొడ ముందు భాగంలో నాలుగు కండలు కలిసి మోకాటి చిప్ప మీదుగా కింది ఎముకని లాగితే కాలు చాపుకుంటుంది. వెనక కండలు లాగితే మడుచుకుంటుంది. మీ నాన్నగారికి ఎక్కువగా చిక్కినది ముందరి నాలుగే అయ్యుంటాయి. నిలబడడానికి, మెట్లెక్కడానికి రోజంతా వాడేవి అవే, వాడకం ఆగగానే ముందుగా తగ్గేవి కూడా అవే.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్న, కండంతా ఏటైపోనాది అని. నాకు ఈ ప్రశ్న చాలా నచ్చింది, ఎందుకంటే దీనికి నిజంగానే జవాబు ఉంది.

కండ ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. పోగుల్లోని ఆ ప్రోటీన్ తీగలు రోజూ కొన్ని విరుగుతూ, కొన్ని కొత్తవి తయారవుతూ ఉంటాయి. పని చేసే మనిషిలో రెండూ సమానంగా ఉంటాయి. కట్టు వేసి కాలు కదలకుండా ఉంచితే కొత్తవి తయారవడం కొద్ది రోజుల్లోనే మందగిస్తుంది, విరిగేవి విరుగుతూనే ఉంటాయి. విరిగిన ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలుగా రక్తంలోకి వెళ్తుంది. అందులో కొంత శరీరంలో ఇంకోచోట ప్రోటీన్‌గా మళ్ళీ పనికొచ్చింది. మిగతాది శక్తి కోసం ఖర్చయింది, అందులోని నైట్రోజన్ యూరియాగా మారి మూత్రంలో పోయింది, కార్బన్ ఊపిరిలో పోయింది. ఎనిమిది వారాలుగా ఆ తొడ కొంచెం కొంచెంగా అలా వెళ్ళింది.

కొవ్వుగా మాత్రం మారలేదు. కండ కణం వేరు, కొవ్వు కణం వేరు, ఒకటి ఇంకొకటిగా మారదు. పని లేకుండా కూర్చుని ఎప్పట్లాగే తింటే చర్మం కింద కొవ్వు పెరుగుతుంది, లోపల కండ తగ్గుతుంది. రెండూ ఒకేసారి జరిగేసరికి మీ పెద్దనాన్నగారికి అలా అనిపించింది.

నీ కొలత తీసుకుని లెక్క వేశాను. తొడని గుండ్రం అనుకుంటే 46 సెంటీమీటర్ల చుట్టుకొలతకి అడ్డుకోత వైశాల్యం సుమారు 168 చదరపు సెంటీమీటర్లు, 41న్నరకి 137. అంటే దాదాపు అయిదో వంతు తగ్గింది. అందులో ఎముక, కొవ్వు కూడా ఉన్నాయి కాబట్టి కండ తగ్గిన వంతు ఇంకా ఎక్కువే. బలం దానికన్నా ఎక్కువ పడిపోయి ఉంటుంది. నరం నుంచి కబురు వెళ్ళే అలవాటు కూడా మందగిస్తుంది మరి.

అందుకే పని అక్కడి నుంచే మొదలుపెడదాం. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టు. తువ్వాలు చుట్టి ఎడమ మోకాలి కింద పెట్టు. మోకాలితో తువ్వాలుని మంచానికి అదమమను, అయిదు లెక్కపెట్టేదాకా పట్టి వదలమను. నీ అరచెయ్యి ఆయన చిప్పకి కాస్త పైన, లోపలి వైపు పెట్టి ఉంచు. మొదటి రోజు నీ చేతికి ఏమీ తగలకపోవచ్చు, భయపడొద్దు. ముందు కుడి కాలితో చేయించు, ఆ బిగువు ఎలా ఉంటుందో ఆయనకి గుర్తొస్తుంది, తర్వాత ఎడమ. ఒక రోజున చర్మం కింద చిన్న చేపపిల్ల కదిలినట్టు తగులుతుంది, చిప్ప కొద్దిగా పైకి జరుగుతుంది. అది తగిలిన రోజు ఆయన చెయ్యి తీసుకుని అక్కడ పెట్టు, స్వయంగా చూసుకుంటారు. ఒకసారికి పది, రోజుకి నాలుగైదు సార్లు.

కాలు మీద ఎంత బరువు వెయ్యాలన్నది మాత్రం ఎక్స్‌రే చూసిన డాక్టరుగారే చెప్పాలి, మళ్ళీ వెళ్ళి అది ఒక్కటీ స్పష్టంగా అడుగు. పిక్క ఉన్నట్టుండి వాచినా, వేడిగా ఉండి నొప్పి పెట్టినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళు, రక్తం గడ్డకట్టిందేమో చూస్తారు. అలాంటప్పుడు నూనె రాసి పిసకనివ్వొద్దు.

---

నెల్లిమర్ల లిఫ్టర్ రాశారు

అన్నా, మాది కొండవెలగాడ పక్క ఊరు. ఇటువైపు పొలం పనికి వెళ్ళినంత మామూలుగా బరువులు ఎత్తడానికి వెళ్తారు. 2014 కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల విభాగంలో వెండి పతకం తెచ్చిన మత్స సంతోషి అక్కది కొండవెలగాడే. నేను అంత పెద్దవాణ్ణి కాదు, జిల్లా స్థాయి దాకా ఎత్తాను.

నాకూ మోకాలికి దెబ్బ తగిలి రెండున్నర నెలలు బరువులెత్తే బార్ ముట్టుకోలేదు. తిరిగి వెళ్ళినప్పుడు ఖాళీ బార్ భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ (గుంజీలు తీసినట్టు కూర్చుని లేవడం) చేస్తుంటే కాళ్ళు వణికాయి. నెల తిరిగేసరికి 60 కిలోలు వేసుకున్నాను. విచిత్రం ఏంటంటే టేపు పెట్టి కొలిస్తే తొడ అర సెంటీమీటర్ కూడా పెరగలేదు. నాకు నిరుత్సాహం వచ్చేసింది. మా కోచ్ గారు టేపు లాక్కుని "మూడు నెలల దాకా కొలవకు" అన్నారు. ఆయన చెప్పింది నిజమే అయింది, మూడో నెల దాటాక ప్యాంటు బిగుతైంది. మీ నాన్నకి కూడా ఈ సంగతి ముందే చెప్పు, లేకపోతే నెలకే మనసు విరిగిపోతుంది.

అక్కా, నాకూ రెండు సందేహాలు. బలం ముందొచ్చి కండ వెనకొస్తుంది ఎందుకు? కొత్తగా మొదలుపెట్టిన రెండో రోజు నొప్పులు ఎందుకు అంత దారుణంగా ఉంటాయి? మా దగ్గర అందరూ లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది అంటారు.

---

ఫిజియో అక్క, విజయనగరం రాశారు

తమ్ముడూ, నీ అనుభవం వందకి వంద పాళ్ళు నిజం.

ఒక నరకణం కింద కొన్ని పోగులు ఉంటాయి, అది పిలిస్తే అవన్నీ ఒకేసారి లాగుతాయి. కనుగుడ్డుని తిప్పే కండల్లో ఒక నరకణం కింద పది చిల్లర పోగులే, అందుకే చూపు అంత సన్నగా కదులుతుంది. పిక్క కండలో వెయ్యికి పైగా. చిన్న పనికి చిన్న గుంపులే లేస్తాయి. బరువు పెరిగేకొద్దీ పెద్ద గుంపులకి పిలుపు వెళ్తుంది. అలవాటు లేని మనిషికి ఆ పెద్ద గుంపులన్నీ లేవవు, లేచినా ఒకేసారి లాగవు. మొదటి వారాల్లో నువ్వు నేర్పింది కండకి కాదు, నరాలకి. ఉన్న పోగులనే ఎక్కువగా, కలిసికట్టుగా పిలవడం వచ్చింది. కొత్త తీగలు తయారై పోగు లావెక్కడానికి వారాలు, నెలలు పడుతుంది. పోగు పక్కనే శాటిలైట్ కణాలని నిద్రపోతున్నట్టు ఉంటాయి, 1961లో అలెగ్జాండర్ మౌరో వాటిని గుర్తించారు. దెబ్బ తగిలినా, బాగా పని పడినా అవి లేచి పోగులో కలిసి బాగుచేస్తాయి.

నొప్పికి లాక్టిక్ యాసిడ్ కారణం కాదు. ఎక్సర్‌సైజ్ ఆపిన గంటా రెండు గంటల్లో అది రక్తంలోంచి సర్దుకుంటుంది. నీ నొప్పి మొదలయ్యేది మర్నాడు, ముదిరేది రెండో రోజున. అది కండలో పడిన అతి చిన్న చీలికల వల్ల, వాటి చుట్టూ వచ్చే వాపు వల్ల. ఎక్కువగా వచ్చేది బరువు ఎత్తేటప్పుడు కాదు, దించేటప్పుడు. స్క్వాట్‌లో కిందకి కూర్చునేటప్పుడు తొడ కండ లాగుతూనే సాగుతుంది. అలివి వల ఉదాహరణే తీసుకో, పట్టు వదలకుండానే కెరటం తాడుని వెనక్కి గుంజేసినట్టు. కొండ ఎక్కినవాడికి ఆయాసం, దిగినవాడికి మర్నాడు తొడల నొప్పి. మొదటిసారి సింహాచలం మెట్లు ఎక్కి దిగిన ఎవరినైనా అడుగు.

చీపురుపల్లి తమ్ముడూ, మీ నాన్నగారికి ఇది ముఖ్యం. బరువుతో పలక దిగాల్సి వస్తే, ఎక్కడం కంటే దిగడమే ఆ తొడకి ఎక్కువ నొప్పి తెస్తుంది. కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టినప్పుడు కూర్చునేటప్పుడు ధబాల్న పడిపోకుండా మూడు లెక్కపెడుతూ కూర్చోమను.

---

సోంపేట నుంచి రాశారు

తమ్ముడూ, ప్రోటీన్ డబ్బా విషయంలో ఒక్క మాట. మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని కూల్చిందో కళ్ళారా చూసినవాణ్ణి. మా ఇంట్లోనే ఒకరు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నారు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు మనిషెవరైనా సరే, డబ్బా కొనే ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే పరీక్ష) చూపించుకోండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి ఎక్కువ ప్రోటీన్ మంచిది కాదు, ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పైన అక్క ఫాస్ఫోక్రియాటిన్ గురించి రాశారు కదా. మేము ప్రతిరోజూ కొలిచే క్రియాటినిన్ దాని నుంచి వచ్చేదే. కండలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజూ కొంచెం కొంచెంగా క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తాయి, కిడ్నీలు దాన్ని వడకట్టి పారేస్తాయి. అందుకే కండ ఎక్కువ ఉన్నవాడికి అది సహజంగానే కాస్త ఎక్కువ, కండ కరిగిపోయినవాడికి తక్కువ. బాగా చిక్కిపోయిన ముసలాయనకి రిపోర్టులో నంబరు మామూలుగా కనిపించినా కిడ్నీ బాగుందని ధీమాగా చెప్పలేం. మీ నాన్న రిపోర్టు చూపించేటప్పుడు రెండు నెలలు కట్టులో ఉన్నారన్న సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

---

చీపురుపల్లి కుర్రాడు రాశారు

అక్కా, అన్నలూ, మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాలుగు రోజులుగా రాత్రి భోజనాలయ్యాక నాన్నకి చదివి వినిపిస్తున్నాను. గోగునార తాడు నిజంగానే తెచ్చి విప్పాను, ఆయనే చివరి పీచు దాకా చీల్చాడు. అలివి వల దగ్గర ఆపి "నాను సిన్నప్పుడు లాగినాను" అన్నాడు. నాకు ఆ సంగతే తెలియదు, చింతపల్లిలో మా నాన్నమ్మ వాళ్ళ చుట్టాలు ఉండేవారట.

తువ్వాలు మీద అదమడం చేయిస్తున్నాను. మూడు రోజులు నా చేతికి ఏమీ తగల్లేదు. నిన్న సాయంత్రం తగిలింది. అక్క చెప్పినట్టే చేపపిల్లలాగే. నాన్న చెయ్యి అక్కడ పెట్టాను. "ఇంకోసారి" అని ఆయనే పదిసార్లు చేశాడు.

క్రియాటినిన్ చేయించాం, డాక్టరు గారు బాగానే ఉందన్నారు. కాలు మీద సగం బరువు వెయ్యొచ్చని కూడా చెప్పారు. తిండి సంగతి అక్క చెప్పాలి. నాన్న బరువు ఇప్పుడు 62 కిలోలు. ఇంకో ప్రశ్న ఆయనదే, మళ్ళీ బస్తా ఎప్పుడు ఎత్తగలను అని అడగమన్నాడు.

---

ఫిజియో అక్క, విజయనగరం రాశారు

తమ్ముడూ, పొద్దున్న డ్యూటీకి వెళ్తూ నీ పోస్టు చదివాను. మా స్టాఫ్ అందరికీ చదివి వినిపించాను.

తిండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్. 62 కిలోలకి 51 గ్రాములు. కండ తిరిగి కట్టుకునే మనిషికి, అందులోనూ యాభై దాటినవాళ్ళకి, దానికన్నా కాస్త ఎక్కువ ఇస్తాం, 65 నుంచి 70 దాకా. కిడ్నీ బాగుందన్నారు కాబట్టి ఇబ్బంది లేదు. గుడ్డుకి 6 గ్రాములు. ఉలవలు వంద గ్రాములకి 20 దాటే ఇస్తాయి. మన ఇళ్ళలో దొరికే ఎండుచేపల్లో ప్రోటీన్ దండిగా ఉంటుంది, ఉప్పు కడిగి వండండి, బీపీ ఉంటే మాత్రం తగ్గించండి. పప్పు, పెరుగు ఎలాగూ ఉంటాయి. మూడు వేల డబ్బా అక్కర్లేదు. ఆ డబ్బు గుడ్లకి పెట్టు. రాత్రి ఒక్కపూటే కుక్కకుండా మూడు పూటలా పంచి పెట్టు. తిండి ఒక్కటే కండ కట్టదు, పని తగిలితేనే ఆ ప్రోటీన్ కాలికి చేరుతుంది.

బస్తా సంగతి. కండ ముందు వస్తుంది, ఎముక, టెండన్ ఇంకా నెమ్మది. టెండన్‌కి రక్తం అందేది తక్కువ, అందుకే గట్టిపడటానికి ఆలస్యం. తొడ నిండింది కదా అని 75 కిలోలు వీపు మీద వేసుకుంటే ముందు తెగేది అదే. కాబట్టి తేదీ చెప్పను, మెట్టు చెబుతాను. కర్రలు లేకుండా కుంటకుండా నడవాలి. తర్వాత ఎడమ కాలు ఒక్కదాని మీద పది లెక్కపెట్టేదాకా నిలబడాలి. తర్వాత ఇంట్లో మెట్లు కాలు మార్చి కాలు వేసి ఎక్కాలి, దిగాలి. అప్పుడు మళ్ళీ ఎక్స్‌రే తీయించి, డాక్టరు గారు సరే అంటే, 10 కిలోల బియ్యం సంచితో మొదలు. నా దగ్గరికి వచ్చిన కళాసీల్లో ఇలా ఎముక విరిగాక పూర్తి బస్తాకి ఆరు నెలల లోపు వెళ్ళినవాళ్ళు తక్కువ. మిల్లు యజమానితో ఆయనకి బదులు నువ్వు వెళ్ళి మాట్లాడు, అప్పటిదాకా తూకం దగ్గరో, సంచులు కుట్టే దగ్గరో పని అడుగు.

కొలత నెలకి ఒకసారి చాలు. చిప్ప పై అంచు నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్లు పైకి స్కేలుతో కొలిచి పెన్నుతో గీత పెట్టు, బెత్తెడు లెక్క ప్రతిసారీ మారుతుంది. కుడి తొడ కూడా కొలువు. రెండు నెలలు కూర్చోవడంతో అది కూడా కొంత చిక్కే ఉంటుంది. తువ్వాలు మీద అదమడం ఆ కాలితో కూడా చేయిస్తూనే ఉండు.